కాలువ చివరి పొలం, టవరు చివరి ఊరు

శివరాత్రికి వేములవాడ పోయినవాళ్ళకు ఈ అనుభవం కొత్త కాదు. గుడిచెరువు కట్ట మీద నిలబడి ఫోను తీస్తే సిగ్నలు గీతలు నిండుగా కనిపిస్తాయి. నంబరు నొక్కితే మాత్రం అవతల గంట మోగదు. రెండేళ్ళ కింద జాతరలో మా చిన్నాయిన కొడుకు, ఎనిమిదేళ్ళ పిల్లగాడు, తప్పిపోయాడు. మా నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లున్నాయి. ఒకరితో ఒకరం మాట్లాడుకోలేకపోయాం. గంటసేపు తిప్పలు పడ్డాక వాడు దొరికింది ఫోనుతో కాదు, మా చిన్నమ్మ గొంతుతో. డప్పులు, మైకులు, కోడెమొక్కుల సందడి, వేలమంది మాటలు - అంత మోతలో వాడు తల్లి పిలుపును ఆనవాలు పట్టి ఆ దిక్కుకే సూటిగా ఉరికి వచ్చాడు.

ఆ రాత్రి బస్సులో నాకు నిద్ర పట్టలేదు. పిల్లగాడికి ఉన్నవి రెండు చెవులు. లక్షలు పోసి నిలబెట్టిన టవరు చేయలేని పని రెండు చెవులు ఎట్లా చేశాయి? ఆ ప్రశ్న వెంట పడి చదివిన సంగతులే ఈ వ్యాసం. చదివినకొద్దీ నాకు తేలిందేమిటంటే, ఇందులో సగం గణితం, సగం పంచాయితీ. గణితాన్ని శాస్త్రజ్ఞులు చాలావరకు తేల్చారు. పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు. ఆ పంచాయితీలో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన మనకు కూడా మాట ఉండాలని చెప్పడమే నా ఉద్దేశం.

ఫోను పలకకపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, టవరు దూరమై మాట సన్నగిల్లడం. రెండోది, టవరు దగ్గరున్నా పక్కవాళ్ళ మాటలు మన మాట మీద పడడం. దీనినే మన భౌతికశాస్త్రం పుస్తకాలు వ్యతికరణం అంటాయి. మొదటి జబ్బుకు గొంతు పెంచడం మందు. రెండోదానికి అది మందు కాదు. నేను గొంతు పెంచితే పక్కవాడూ పెంచుతాడు, వాడిని చూసి ఇంకొకడు పెంచుతాడు. చివరికి అందరి గొంతులూ బొంగురు పోతాయి గానీ ఎవరి మాటా వినపడదు. ఫోను మీది గీతలు చెప్పేది టవరు మాట ఎంత గట్టిగా అందుతోందన్నది మాత్రమే. మన వంతు వస్తుందా రాదా, మన మీద ఎవరి మాటలు పడుతున్నాయి అన్నది అవి చెప్పవు. కట్ట మీద మమ్మల్ని మోసం చేసినవి ఆ గీతలే.

ఇటువంటి తగవు రైతు బిడ్డకు తెలియనిది కాదు. మా ఊరి చెరువు కింద నీళ్ళు పంచే పెద్దమనిషి నీరటి. ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు పారాలో, తూము ఎంత లేపాలో ఆయన చూసుకుంటాడు. చెరువు నిండని ఏడు రైతులంతా కూర్చుని ఎన్ని ఎకరాలకు నీళ్ళివ్వాలో తైబందీ చేసుకుంటారు. పెద్ద కాలువల కింద వారబందీ ఉంటుంది. ఒక వారం వీళ్ళకు, ఒక వారం వాళ్ళకు. ఇక పొలానికి పొలానికి నడుమ గెట్టు ఉండనే ఉంది.

ఆకాశంలో తరంగాలను పంచుకోవడానికి కూడా మనుషులు మొదట పట్టింది ఈ దారులే. ఆదిలాబాద్ రేడియోకు ఒక పౌనఃపున్యం, హైదరాబాద్ రేడియోకు ఇంకొకటి - ఇది గెట్టు పద్ధతి. గెట్టు తెగితే ఏమవుతుందో పాత రేడియోలు విన్న పెద్దలకు తెలుసు. రాత్రిపూట మీడియం వేవ్‌లో ఎక్కడో దూరదేశపు స్టేషన్ వచ్చి మన పాట మీద పడేది. మనదేశంలో 1995లో సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు గెట్టుకు తోడు వంతు కూడా కలిసింది. జీఎస్ఎం పద్ధతిలో 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కొక్క పట్టీని ఎనిమిది వంతులు చేసి, వంతుకొకరు చొప్పున మాట్లాడుకోనిచ్చేవారు. ఒక వంతు సెకనులో చిన్న ముక్క మాత్రమే కాబట్టి మనకు తెగినట్టు తెలిసేది కాదు.

కాని గెట్లు వేసుకుంటూ పోతే మిగిలేవి చిన్న కమతాలే. మా తాత పొలం ముగ్గురు కొడుకులకు పంచినట్టే ఇదీ. తరంగాల భూమి కూడా చవకది కాదు. 2022 ఆగస్టులో ముగిసిన 5జి వేలంలో కంపెనీలు పాడిన మొత్తం లక్షా యాభై వేల కోట్ల రూపాయలు దాటింది. భూమి పెరగదు, పంచుకునేవాళ్ళు పెరుగుతున్నారు. మరి దారేది?

ఇక్కడే నీటికీ తరంగానికీ తేడా ఉంది. రెండు కాలువల నీళ్ళు కలిశాక ఏవి ఎవరివో ఏ నీరటీ విడదీయలేడు. అదే చెరువులో రెండు చోట్ల రెండు రాళ్ళు వేసి చూడండి. రెండు అలలూ ఎదురెదురుగా వచ్చి, ఒకదానిలోంచి ఒకటి దూరి, ఏమీ జరగనట్టు తమ దారిన తాము పోతాయి. కలిసినచోట మాత్రం ఎత్తు మీద ఎత్తు పడితే పెద్ద అల, ఎత్తు మీద పల్లం పడితే నిశ్చలం. మొదటిది సంపోషక వ్యతికరణం, రెండోది వినాశక వ్యతికరణం. పరీక్షకు బట్టీపట్టిన ఈ మాటలను నేను చెవులారా విన్నది హాస్టలు వరండాలో. రెండు స్పీకర్లకు ఒకే వేయి హెర్ట్జ్ మోత పెట్టి వాటి ముందు అడ్డంగా నడిచాను. ఆ శబ్దం తరంగదైర్ఘ్యం 34 సెంటీమీటర్లు. నడుస్తుంటే ఒకచోట చెవి గీ పెడుతుంది, జానెడు దూరం జరిగితే మోత కుంగిపోతుంది. ఒక స్పీకరు తీగలు తారుమారు చేస్తే మోత ఉన్నచోట మౌనం, మౌనం ఉన్నచోట మోత వచ్చింది. అంటే మౌనాన్ని కూడా మనం కోరినచోట నాటవచ్చు. అనేక యాంటెన్నాల పద్ధతికి, అంటే ఇంజనీర్లు మిమో అనేదానికి, మూలసూత్రం ఇదే.

ఈ దారి చూపిన వాళ్ళలో ముఖ్యుడు మన దక్షిణాది మనిషే. తమిళనాడులో పొల్లాచ్చి దగ్గర పుట్టిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ భారత నౌకాదళంలో అధికారి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి దెబ్బకు మన ఖుక్రీ యుద్ధనౌక మునిగిపోయింది. నీళ్ళ కింది శబ్దాన్ని పసిగట్టే సోనార్ల లోపం మీద అప్పుడు ఆయన పని చేశాడు. తరవాత అప్సో అనే స్వదేశీ సోనార్ తయారీకి నాయకత్వం వహించాడు. అనేక చెవులను వరసగా పెట్టి, సముద్రం మోతలోంచి ఒక్క శబ్దాన్ని వేరుచేసి వినడమే ఆ సోనార్ పని. ఆయన అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కు పోయాక, 1991లో, ఒకే పౌనఃపున్యంలో కలిసి వచ్చే సిగ్నళ్ళను విడదీసే ప్రయోగాల్లో ఒక వింత చూశాడు. గోడలకు, కొండలకు తగిలి చెదిరి వచ్చే తరంగాలు విడదీతకు అడ్డం రాలేదు సరికదా, సాయం చేశాయి. అందరూ బెడద అనుకున్న చెదురు ఆయనకు పెట్టుబడి అయింది. 1992లో థామస్ కైలాత్‌తో కలిసి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఈనాటి 4జి, 5జి, వైఫై అన్నీ ఆ దారి మీదే నడుస్తున్నాయి.

మాటలతో చెపితే ఇదంతా ఇంద్రజాలంలాగా ఉంటుంది. నాలుగు అంకెలు వేసి చూద్దాం. లెక్క అనగానే పుట తిప్పకండి, ఇది ఏడో తరగతి లెక్కే. టవరు మీద రెండు యాంటెన్నాలు, కింద ఇద్దరు మనుషులు - మల్లయ్య, రాజవ్వ అనుకుందాం. మొదటి యాంటెన్నా మల్లయ్యకు దగ్గర, రెండోది రాజవ్వకు దగ్గర. మొదటిది 'క' అంత, రెండోది 'గ' అంత పంపితే మల్లయ్యకు చేరేది రెండు క-లు, ఒక గ. రాజవ్వకు చేరేది ఒక క, రెండు గ-లు. మల్లయ్య మాట మల్లయ్యకే వినపడాలి, రాజవ్వకు సున్నా కావాలి. క = 2, గ = -1 పెట్టి చూడండి. మల్లయ్యకు 4 లోంచి 1 పోయి 3 చేరుతుంది. రాజవ్వకు 2 లోంచి 2 పోయి సున్నా! ఆ -1 అంటే రెండో యాంటెన్నా అదే తరంగాన్ని తలకిందులు చేసి పంపుతుందన్నమాట. రాజవ్వ మాటకు ఈ అంకెలనే తిరగేసి క = -1, గ = 2 చేస్తే చాలు. రెండింటినీ కలిపి ఒకే క్షణంలో, ఒకే పౌనఃపున్యం మీద పంపినా ఎవరి మాట వారికే చేరుతుంది. గెట్టు లేదు, వంతు లేదు, తగవూ లేదు.

మనం గణితం తరగతిలో రేఖీయ సమీకరణాలని, మాత్రిక విలోమమని చేసేది ఇదే. ఆ మాత్రికలు పక్క గదిలో చదివే వ్యతికరణంతో ఇక్కడ కలుసుకుంటాయని నాకు రెండో సంవత్సరం దాకా తట్టలేదు.

అయితే ఊరికే వచ్చేది ఏదీ లేదు. పై లెక్కలో యాంటెన్నాలు ఖర్చు చేసిన శక్తి, అంకెల వర్గాలు కూడితే, నాలుగూ ఒకటీ ఐదు. రాజవ్వను పట్టించుకోకుండా అదే ఐదు శక్తితో క = 2, గ = 1 పంపి ఉంటే మల్లయ్యకు 5 చేరేది. పక్కమనిషి చెవిన పడకుండా మాట్లాడినందుకు 3 చేరింది. ఇరుగుపొరుగు మర్యాదకు వెల ఆ రెండు. ఈ వెల అన్నిచోట్లా ఒక్కతీరుగా ఉండదు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చున్నారనుకోండి. మల్లయ్యకు చేరేది రెండు క-లు, ఒక గ అయితే, రాజవ్వకు 2.1 క-లు, ఒక గ. ఇప్పుడు మల్లయ్యకు 3, రాజవ్వకు సున్నా కావాలంటే క = -30, గ = 63 పెట్టాలి! చిన్న మాట కోసం దాదాపు వేయి రెట్ల శక్తి. ఇద్దరి అంకెలూ అచ్చంగా ఒకటే అయితే నిర్ధారకం సున్నా, విలోమమే దొరకదు. అప్పుడు తెలివైన టవరు చేసే పని మా నీరటి చేసేదే: ఆ ఇద్దరినీ వేరు వేరు వంతుల్లో పెడుతుంది. కొత్త గణితం పాత వారబందీని కొట్టివేయలేదు. ఎక్కడ అవసరమో చెప్పిందంతే.

నిజం టవరు మీద యాంటెన్నాలు అరవైనాలుగు ఉండి, ఒక్కసారి మాట్లాడే ఫోన్లు ఎనిమిదో పదో ఉంటే మాత్రిక చతురస్రంగా ఉండదు. అలాంటి మాత్రికకు విలోమం ఎట్లా? దీనికి సాధారణీకృత విలోమం అనే సాధనం ఉంది. దాని మీద పనిచేసిన గొప్పవారిలో ఒకరు మన తెలుగువాడు, 1920లో పుట్టి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్.రావు గారు. సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి ఆ విషయం మీద 1971లో గ్రంథం వెలువరించారు. తెలియని రాశిని కొలతల్లోంచి ఎంత కచ్చితంగా అంచనా వేయగలమో హద్దు చెప్పిన ఆయన 1945 నాటి సూత్రాన్ని తరంగమార్గాల అంచనాలో ఈనాటికీ వాడుతున్నారు. 2023లో, నూటరెండేళ్ళ వయసులో కన్నుమూశారు. మన జేబులోని ఫోను వెనక ఒక తెలుగువాడి గణితం కూడా ఉన్నదని ఎందరికి తెలుసు?

ఇంత లెక్కకూ ఒక షరతుంది. ఎవరికి ఎంత చేరుతుందో టవరుకు ముందే తెలియాలి. మల్లయ్యకు రెండు క-లని తెలియకపోతే లెక్కే మొదలు కాదు. అందుకోసం ప్రతి ఫోనూ ముందుగా అనుకున్న చిన్న గుర్తుమాటను పంపుతుంది. టవరు దాన్ని విని ఆ ఫోను దారి ఎట్లా ఉన్నదో గ్రహిస్తుంది. ఈ ఎరుక కూడా తొందరగా పాతబడుతుంది. 5జి వాడే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఫోను నాలుగు వేళ్ళ వెడల్పు జరిగితే అంకెలు మారిపోతాయి. గుర్తుమాటలు కూడా పరిమితమే. రెండు పక్క టవర్ల కింద ఇద్దరు ఒకే గుర్తుమాట పలికితే టవరు ఇద్దరినీ ఒక్కరనుకుని తప్పుదిక్కున మాట విసురుతుంది. హాజరు పిలిచేటప్పుడు ఒకే పేరున్న ఇద్దరు పలికినట్టన్నమాట. యాంటెన్నాలు ఎన్ని పెంచినా తీరకుండా మిగిలే చిక్కు ఇదేనని 2010లో థామస్ మార్జెట్టా అనే శాస్త్రజ్ఞుడు లెక్కగట్టి చూపాడు. దాన్ని తప్పించే ఉపాయాల మీద అప్పటినుంచీ పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి.

నాకు ఇందులో ఒక నీతి కనపడుతుంది. వ్యతికరణం అంటే పక్కవాడు శత్రువని కాదు. పక్కవాడిని మనం వినలేదని. విన్నవాడిని తప్పించుకుని మాట్లాడవచ్చు, విననివాడి మీద పడకుండా మాట్లాడలేం.

గణితం ఇంతవరకు. ఇక పంచాయితీ. ఎవరికి ఎంత శక్తి, ఎవరికి ముందు వంతు అని టవరులోని యంత్రం క్షణానికి వందలసార్లు నిర్ణయిస్తుంది. ఏది ఎక్కువ కావాలని ఆ యంత్రానికి చెప్పాం? అసలు ప్రశ్న ఇది. ఒక చిన్న లెక్క చూడండి. టవరు దగ్గర ఒక ఫోను, దూరాన ఒక ఫోను. కాలమంతా దగ్గరిదానికే ఇస్తే పది పాళ్ళ సమాచారం పోతుంది. అంతా దూరందానికే ఇస్తే ఒక పాలు. మొత్తం ఎక్కువ కావాలంటే జవాబు ఒకటే: అంతా దగ్గరివాడికే ఇవ్వు. వాడికి పది, దూరంవాడికి సున్నా. ఇద్దరికీ సమానంగా చేరాలంటే కాలంలో పదకొండింట పది భాగాలు దూరంవాడికే పోయి, ఇద్దరికీ ఒక్క పాలు కూడా నిండదు. చెరిసగం కాలం ఇస్తే దగ్గరివాడికి ఐదు, దూరంవాడికి అర. మూడు జవాబులూ గణితం ప్రకారం సరైనవే. ఏది న్యాయమో గణితం చెప్పదు. కూడికకు బదులు ఇద్దరి పాళ్ళ గుణకారాన్ని ఎక్కువ చేయమంటే చెరిసగం జవాబు వస్తుంది. ఎందుకంటే గుణకారంలో ఏ ఒక్కరికి సున్నా అయినా అంతా సున్నాయే. సెల్‌ఫోన్ వ్యవస్థల్లో అనుపాత న్యాయం అనే పేరుతో ఈ పద్ధతిని వాడుతున్నారు. అనేక యాంటెన్నాలుంటే ఇద్దరికీ ఒకేసారి పంపవచ్చు కాబట్టి తగవు తగ్గుతుంది. కాని శక్తి ఎవరికి ఎంతన్న ప్రశ్న పోదు.

మా పొలం కాకతీయ కాలువ కింద, ఒక ఉపకాలువ కొసకు ఉంది. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నీళ్ళు మా జిల్లాను పచ్చగా చేశాయనుటలో సందేహం లేదు. అయినా కొసకున్నవాడి కష్టం వేరు. మొదటివాళ్ళు తూము పెద్దది చేసుకుని రెండు మడులు ఎక్కువ పారించుకుంటే, లెక్కల పుస్తకంలో ఆయకట్టు మొత్తం బాగానే కనపడుతుంది. మా బాపు ఒకమాట అంటాడు: "కాల్వ పారింది అని రాసుకుంటరు గని, కొసకు ఎంత పారిందో ఎవ్వలు రాసుకోరు." టవరు లెక్కలకు కూడా ఈ మాట సరిపోతుంది. మొత్తం వేగం గొప్పగా ఉండవచ్చు. కొసకు ఎంత చేరింది?

ఈ ప్రశ్నను ప్రపంచ వేదిక మీద అడిగినవాళ్ళు మన దేశంలోనే, మన రాష్ట్రంలోనే ఉన్నారు. 5జి అనే పేరుకు అర్హత పొందాలంటే అంతర్జాతీయ టెలికాం సంఘం పెట్టిన పరీక్షలు గట్టెక్కాలి. గ్రామీణ ప్రాంతాల పరీక్షలో టవరుకు టవరుకు దూరం 1732 మీటర్లుగా తీసుకున్నారు. ఐరోపాలో గ్రామం అట్లా ఉండవచ్చు. మనకు కిలోమీటరున్నరకొక టవరు ఎవరు పెడతారు? ఫైబరు తీగ గ్రామపంచాయతీ దాకా వస్తుంది, పల్లెలూ గూడేలూ దాని చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో పరుచుకుని ఉంటాయి. కాబట్టి టవర్ల నడుమ ఆరు కిలోమీటర్లు పెట్టి, నెమ్మదిగా కదిలే జనానికి కూడా పరీక్ష జరపాలని భారతదేశం వాదించింది. 2017 నాటి పరీక్షా నియమాల్లో 6000 మీటర్ల ఆ అంకె చేరింది. ఆ పరీక్షకు తగిన ప్రమాణాన్ని మనదేశపు టెలికాం ప్రమాణాల సంఘం తయారు చేసింది. అందులో ఐఐటి మద్రాసుతో పాటు సంగారెడ్డి దగ్గర కంది గ్రామంలో ఉన్న ఐఐటి హైదరాబాదు, అక్కడి ఆచార్యుడు కిరణ్ కూచి ముఖ్యపాత్ర వహించారు. దూరాన ఉన్న ఫోను తన కొద్దిపాటి శక్తిని పూర్తిగా వాడుకునేటట్టు తరంగం ఆకారాన్ని దిద్దడం అందులోని మెలకువ. 5జి-ఐ అనే పేరుతో దానికి 2021లో అంతర్జాతీయ ఆమోదం వచ్చింది. తరవాత అది విడి ప్రమాణంగా నిలవకుండా, లోకమంతా వాడే ప్రమాణంలో కలిసింది. కొందరు దీన్ని ఓటమి అన్నారు. నేను అనను. ప్రశ్నపత్రంలో మన ఊరు లేకపోతే జవాబుల్లో మన ఊరు ఎక్కడినుంచి వస్తుంది? వాళ్ళు జవాబు కన్న ముందు ప్రశ్నపత్రాన్ని మార్చారు.

మిత్రులు కొందరు నాతో వాదిస్తారు. "ఏందిరా నీ మాత్రికలు? మా తిర్యాణి గుట్టల మీద టవరే లేనికాడ వ్యతికరణం ఎవడికి గావాలె?" అంటాడు నా గదిలో ఉండే మిత్రుడు. వాడి కోపం న్యాయమైనదే. 2020లో కరోనా వచ్చి బళ్ళు మూసి, పాఠాలు టీవీల్లో, ఫోన్లలో చెప్పినప్పుడు వాడు సిగ్నలు కోసం రోజూ గుట్ట ఎక్కి చదువుకున్నవాడు. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 4జి అందని 24,680 గ్రామాలకు టవర్లు పెట్టడానికి 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసిందంటే, అటువంటి ఊళ్ళు దేశంలో ఎన్ని మిగిలాయో ఊహించుకోవచ్చు. ముందు టవరు రావాలి, తీగ రావాలి, కరెంటు రావాలి. ఒప్పుకుంటాను.

కాని వాడికి నా జవాబు కూడా వినండి. కలిసిన గొంతులను విడదీసే చెవుల వరసే సన్నటి గొంతును కూడా వింటుంది. ఫోను పంపే శక్తి వాటులో ఐదో వంతు; ఆరు కిలోమీటర్ల ఎడంలో అది ఒక్క యాంటెన్నాకు వినపడకపోవచ్చు. ఎనిమిది యాంటెన్నాలు విన్నదాన్ని దశలు సరిచేసి కలిపితే మాట ఎనిమిది రెట్లు తేటపడుతుంది. గుట్ట మీదివాడికి పనికొచ్చే గణితం, జాతరలోవాడికి పనికొచ్చే గణితం రెండు కావు.

ఒక చిక్కు మాత్రం నిజం. దూరం పోయే 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడుగు 43 సెంటీమీటర్లు. యాంటెన్నాలను సగం తరంగదైర్ఘ్యం ఎడంతో ఎనిమిది వరసల్లో ఎనిమిదేసి పేర్చితే, 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర మూరెడు పలక సరిపోతుంది. 700 దగ్గర నిలువూ అడ్డం మనిషెత్తు పలక కావాలి. అది గాలికి ఆగాలి, దానికి ఖర్చు కావాలి. అందుకే పెద్ద పలకలన్నీ పట్నంలో, చిన్నవి పల్లెలో అనే పరిస్థితి తనంతట తాను వచ్చిపడుతుంది. దీన్ని ప్రకృతి శాసనమని ఊరుకుందామా? తక్కువ యాంటెన్నాలతో, చవకగా, కొసవాడి దాకా చేర్చే ఉపాయం వెతుకుదామా? 2022 మొదట్లో ఐఐటి హైదరాబాదు, విసిగ్ నెట్‌వర్క్స్ కలిసి ఇక్కడే తయారైన మిమో బేస్ స్టేషన్‌తో 5జి డేటా కాల్ చేసి చూపించాయి. చేయగలిగినవాళ్ళు మనలో ఉన్నారని దీనితో తేలింది. ఎవరికోసం చేయాలన్నది మిగిలింది.

కాబట్టి నా కోరికలు మూడు. మన భౌతికశాస్త్రం, గణితం విభాగాలు కలిసి ఏడాదికి నాలుగు తరగతులైనా ఉమ్మడిగా చెప్పించాలి. ఒక గదిలో మాత్రిక, ఒక గదిలో వ్యతికరణం అని గెట్టు వేయవద్దు. రెండు స్పీకర్లతో నేను చేసిన ప్రయోగానికి డబ్బు కూడా అక్కరలేదు. రెండోది, విద్యార్థి సంఘం ఈ వేసవిలో ఊరూరి సిగ్నలును మనచేతనే కొలిపించాలి. ఏ గూడెంలో, ఏ వేళలో, ఎంత అందుతోందో రాసిపెడదాం. కొసకు ఎంత పారిందో ఎవరూ రాసుకోరని మా బాపు అన్నాడు గదా, మనం రాద్దాం. ఆ కాగితం పట్టుకుని అడిగితే అధికారులకు కూడా జవాబు చెప్పక తప్పదు. మూడోది మనకు మనం చెప్పుకోవలసింది. రోజుకు నాలుగు గంటలు ఫోను చూసే మనం, నెలకు ఒక్క గంట అది ఎట్లా పనిచేస్తుందో చదువుదాం. కొనేవాడిగా ఉన్నంతకాలం ఇచ్చింది తీసుకోవలసిందే. లెక్క తెలిసినవాడే ఇది ఎవరి లెక్క అని అడగగలడు.

మొన్న ఇంటికి పోయినప్పుడు ఈ సంగతులన్నీ బాపుకు చెప్పాను. మాత్రికలని కాదు, నీరటి, తూము, కొస మడి అని చెప్పాను. ఒడ్డు మీద కూర్చుని అంతా విని, పార భుజాన వేసుకుంటూ అడిగాడు: "అయితే గా టవర్ల కూసున్న నీరటికి కొస మడి కనవడ్తదా?"

కనపడేటట్టు చేయవచ్చు, బాపూ. చేయమని అడిగేవాళ్ళం కావాలి.